ఇంజను నుదుటిరాత

గోనెపట్టా మీద ఇంజన్ పక్కకు ఒరిగి ఉంటుంది. ఏళ్ల తరబడి పేరుకున్న ఆయిలు, దుమ్ము, బురద కలిసి దాని మీద తారులా గట్టిపడి ఉంటాయి. మెకానిక్ దగ్గర పని నేర్చుకునే కుర్రాడు డబ్బాలో కాస్త డీజిల్ పోసుకుని, బ్రష్ ముంచి ఒక మూల రుద్దుతుంటాడు. కాసేపటికి నల్లటి పొర కింద అల్యూమినియం తెల్లగా బయటపడుతుంది. దాని మీద అక్షరాలు, అంకెలు. కొనడానికి వచ్చినాయన సెల్‌ఫోన్ లైటు వేసి వంగి చూసి, "ఏంనా, ఇది ఏ బండిది?" అంటాడు. అంకెలు ఉన్నాయి కానీ ఆయన ఎరిగిన ఏ బండి నంబరులాగానూ లేవు.

మదనపల్లెలోనో పుంగనూరులోనో కుప్పంలోనో పాత మెకానిక్ షెడ్డు దగ్గర ఒక పూట కూర్చుంటే ఈ ప్రశ్న వినబడక మానదు. ఈ మూడు ఊళ్లనూ ఒకే దారి కలుపుతుంది. అనంతపురం, కదిరి మీదుగా వచ్చే 42వ నంబరు జాతీయ రహదారి మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పం దాటి తమిళనాడులోని కృష్ణగిరిలో తేలుతుంది. మదనపల్లె, పుంగనూరుల నుంచి పడమరకు కొంచెం పోతే కర్ణాటక. కుప్పం నుంచి ఎటు కదిలినా ఏదో ఒక రాష్ట్రం గట్టు తగులుతుంది. దాంతో ఇక్కడి రోడ్ల మీద ఏపీ 03 నంబరు బండి పక్కనే కోలారు కేఏ 07, కేజీఎఫ్ కేఏ 08, కృష్ణగిరి టీఎన్ 24, హోసూరు టీఎన్ 70 బళ్లు తిరుగుతుంటాయి. 2019 జనవరి నుంచి ఆంధ్రప్రదేశ్ అంతటికీ ఏపీ 39 అనే ఒకే వరస వచ్చాక, కొత్త నంబరు చూసి ఇది మన జిల్లా బండి అని చెప్పే వీలు కూడా పోయింది.

బళ్లు పుట్టే చోట్లు కూడా చుట్టుపక్కలే ఉన్నాయి. హోసూరులో టీవీఎస్, కోలారు జిల్లా నర్సాపురలో 2013లో మొదలైన హోండా ఫ్యాక్టరీ, చెన్నై శివార్లలో రాయల్ ఎన్‌ఫీల్డ్. సత్యవేడు దగ్గర హీరో. బళ్లు విడిపోయి భాగాలుగా మారే చోట్లూ అంతే దగ్గర: బెంగళూరు శివాజీనగర్ గుజిరీ, చెన్నై పుదుపేట. యాక్సిడెంటులో నుజ్జయి ఇన్సూరెన్సు వేలంలో పోయిన బండి, పాతబడి తుక్కుకు వేసిన బండి, ఎవరి వాకిట్లోనో రాత్రికి రాత్రి మాయమైన బండి, అన్నీ ఆ అంగళ్లలో ఒకే కుప్పలో పడతాయి. ఆ కుప్పలోంచి లేచి బస్సు టాపెక్కి వచ్చిన ఇంజనే ఈ గోనెపట్టా మీదిది. అదెవరో దాని ఒంటిని అడిగే తెలుసుకోవాలి.

అడగడంలో మొదటి పొరపాటు ఏమిటంటే, ముందు కనబడిన అంకెనే ఇంజన్ నంబరు అనుకోవడం.

ఇంజన్ మీద రెండు రకాల రాతలుంటాయి. ఒకటి ఉబ్బెత్తుగా, వేలితో తడిమితే తగిలేది. రెండోది లోపలికి దిగబడి, గోరు పెట్టి గీస్తే గోరు ఆగేది. ఉబ్బెత్తు రాత అచ్చులోంచి వచ్చింది. కరిగిన అల్యూమినియాన్ని అచ్చులో పోసినప్పుడు ఆ అచ్చులో ఉన్న అంకెలే కేసింగ్ మీద తేలాయి. అది ఆ భాగం పేరు. ఆ అచ్చులో పోసిన ప్రతి కేసింగ్ మీదా అదే ఉంటుంది. దిగబడిన రాత మాత్రం ఇంజన్ తయారై బయటికి వచ్చే ముందు పంచ్‌తోనో సన్నటి సూది లాంటి పిన్‌తోనో కొట్టింది. సీ బుక్కులో ఉండేది అదే. ఉబ్బెత్తుది ఇంటిపేరు లాంటిది, పంచ్ కొట్టింది సొంత పేరు. "ఎక్కడా వినని నంబరు" అని జనం తెచ్చి చూపించేవాటిలో ఇంటిపేర్లే ఎక్కువ. ఆ నంబరు పట్టుకుని ఊరంతా తిరిగినా ఏ రికార్డులోనూ దొరకదు, ఎందుకంటే అది ఏ ఒక్క బండిదీ కాదు.

అయితే ఇంటిపేరు వృథా అని కాదు. కేసింగ్ మీద పోత పోసిన కంపెనీ పేరు ఒక్కోసారి నంబరు కంటే పెద్ద సాక్ష్యం. మన దేశంలో మోటారు సైకిళ్ల కంపెనీలు పెళ్లిళ్లు చేసుకున్నాయి, విడాకులూ తీసుకున్నాయి. ఆ తేదీలు తెలిసినవాడికి పేరే క్యాలెండరు. 1984లో పుట్టిన హీరో హోండా జోడీ విడిపోతున్నట్టు 2010 డిసెంబరులో చెప్పింది. ఆ మరుసటి ఏడాది హీరో మోటోకార్ప్ అయింది. కాబట్టి మాగ్నెట్ కవరు మీద రెండు పేర్లూ కలిసి ఉంటే ఆ కవరు వయసు ఇంచుమించుగా తేలిపోయింది. టీవీఎస్, సుజుకి 2001లో ఎవరి దారి వారు చూసుకున్నాయి. పాత బుల్లెట్ మీద కనబడే ఎన్‌ఫీల్డ్ ఇండియా కథ 1955లో మొదలవుతుంది. ఆ ఏడాదే మద్రాస్ మోటార్స్, ఇంగ్లండులోని రెడ్డిచ్ కంపెనీ కలిసి దాన్ని పెట్టాయి. బుల్లెట్‌ను కన్న ఇంగ్లీషు కంపెనీ తర్వాత మూతబడింది, తిరువొత్తియూరులో పెరిగిన పిల్ల మాత్రం నిలిచింది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. మాగ్నెట్ కవరు నాలుగు స్క్రూలు విప్పితే ఊడొస్తుంది. ఎవరైనా మార్చేయొచ్చు. మారడం కష్టమైంది క్రాంక్‌కేసు. అందుకే కంపెనీలు నంబరును దాని మీదే కొడతాయి.

ఆ క్రాంక్‌కేసు కూడా ఒకటే ముక్క కాదు. మన బళ్లలో ఎక్కువ వాటికి అది ఎడమ, కుడి అని రెండు చిప్పలు. నంబరు ఒక చిప్ప మీదే ఉంటుంది. స్ప్లెండర్ లాంటి బండికి ఎడమ చిప్ప మీద, కింది వైపు. చైను తిరిగే పళ్ల చక్రం కూడా ఆ ఎడమ పక్కనే. చైను సాగి, పళ్లరిగి, అలాగే తోలుతూ పోతే ఏదో ఒక రోజు చైను తెగి ముందు పళ్ల చక్రం చుట్టూ ముద్దగా చుట్టుకుంటుంది. ఆ దెబ్బకు పగిలేది నంబరున్న చిప్పే. మెకానిక్ కొత్త చిప్ప తెప్పిస్తాడు. స్పేర్ పార్టుగా అమ్మే చిప్ప మీద నంబరు ఉండాల్సిన చోటు నున్నగా, ఖాళీగా ఉంటుంది. యజమాని పాత చిప్పను తుక్కులో వేసేస్తాడు, బిల్లు పారేస్తాడు, సీ బుక్కులో రాయించుకోడు. నాలుగేళ్ల తర్వాత బండి చేతులు మారినప్పుడు నంబరే లేని ఇంజన్ అని కొన్నవాడు లబలబలాడతాడు. నంబరు లేని ప్రతి ఇంజనూ దొంగది కాదు. కానీ దొంగది కాదని రుజువు చేసే కాగితం లేకపోతే పోలీసు స్టేషనులో రెండింటికీ ఒకటే మర్యాద.

కనబడింది అసలైన పంచ్ నంబరే అయితే దాన్ని చదవడం ఎలా?

ప్రతి కంపెనీకీ సొంత లిపి ఉంది, ఆ లిపి కాలాన్ని బట్టి మారుతూ వచ్చింది కూడా. తెలియని కోడ్ అనిపించడానికి కారణం చాలాసార్లు ఇదే. పాత హీరో హోండా బళ్ల ఇంజన్ నంబరు రెండు అంకెలతో మొదలవుతుంది. ఆ రెండూ తయారైన సంవత్సరం. వెంటనే నెలకు గుర్తుగా ఒక అక్షరం, ఆపైన మోడల్ అంకెలు, ఇంజన్‌కు గుర్తుగా 'ఈ', చివర వరస సంఖ్య. తర్వాత వచ్చిన స్ప్లెండర్ల మీద ఆ పద్ధతి పోయి 'హెచ్‌ఏ10ఈ' అని మొదలయ్యే నంబర్లు వచ్చాయి. పాత లిపికి అలవాటు పడిన కన్ను కొత్తదాన్ని చూసి ఇదేదో డూప్లికేటు అనుకుంటుంది. ఇంకో సంగతి. స్ప్లెండర్, ప్యాషన్, హెచ్‌ఎఫ్ డీలక్స్ బళ్లు 100 సీసీలో అన్నదమ్ములు. వాటిలో చాలా ఇంజన్లు ఆ 'హెచ్‌ఏ10' కుటుంబమే. అందుకే ప్యాషన్ ఇంజన్ స్ప్లెండర్‌లో దించితే బయటివాళ్లకు తెలియదు.

రాయల్ ఎన్‌ఫీల్డ్ కోడ్ చూడ్డానికి భయపెడుతుంది కానీ చదవడం తేలిక. 'యూ3ఎస్5సీ0' అని ఉంటే యూసీఈ రకం (ఇంజన్, గేర్‌బాక్సు ఒకే కేసింగ్‌లో ఉండే) 350 సీసీ ఇంజన్. 3 అంటే 350, 5 అంటే అయిదు గేర్లు, సీ అంటే కార్బురేటర్. 500 సీసీది 'యూ5ఎస్5ఎఫ్0'. అందులో ఎఫ్ అంటే ఫ్యూయల్ ఇంజెక్షన్. యమహా మాత్రం మూడు గుర్తులతో సరిపెడుతుంది. ఆర్‌ఎక్స్ 100ల మీద తరచూ కనబడేవి 36ఎల్, 1ఎల్1. ఆ మూడు గుర్తుల తర్వాత గీత, గీత తర్వాత వరస సంఖ్య.

ఛాసిస్ నంబరు సంగతి వేరు. అది 17 గుర్తుల ప్రపంచ లిపి. అమెరికా 1981 నుంచి అన్ని వాహనాలకూ 17 గుర్తులు ఉండాల్సిందేనని పట్టుబట్టింది. మిగతా దేశాలూ ఆ దారిలోకి వచ్చాయి. మొదటి మూడు అక్షరాలు కంపెనీవి. ఎంబీఎల్ అంటే హీరో, ఎండీ2 బజాజ్, ఎండీ6 టీవీఎస్, ఎంఈ1 యమహా, ఎంఈ3 రాయల్ ఎన్‌ఫీల్డ్, ఎంఈ4 హోండా. ఈ 17 గుర్తుల్లో ఐ, ఓ, క్యూ అనే ఇంగ్లీషు అక్షరాలు ఎప్పుడూ రావు, ఒకటీ సున్నాలతో పొరబడతారని ముందే తీసేశారు. కాబట్టి ఛాసిస్ నంబరులో గుండ్రంగా కనబడింది సున్నానే, ఓ కాదు. ఎవరైనా దాన్ని ఓ అని రాస్తే పొరపాటు రాసినవారిది. ఇంజన్ నంబరుకు ఈ ప్రపంచ నియమం లేదు. అందుకే 5కు ఎస్, 8కి బీ, 2కు జెడ్ అని కంప్యూటరులో ఎక్కించిన పాపానికి ఏ తప్పూ లేని బండి ట్రాన్స్‌ఫర్ దగ్గర ఆగిపోతుంటుంది. నంబరు తెలియనిదిగా అనిపించినప్పుడు, ముందు ఆ జంట అక్షరాలను అటూ ఇటూ మార్చి చదివి చూడటం మంచిది. సగం చిక్కు అక్కడే విడిపోతుంది.

లోహం మీద రాసింది నమ్మకం లేకపోతే లోహాన్నే కొలవాలి. పుంగనూరు పొట్టి ఆవును కొనేవాళ్లు చెవికి వేసిన 12 అంకెల ట్యాగు ఒక్కటే చూసి డబ్బులు లెక్కపెట్టరు కదా. ఎత్తు కొలుస్తారు, కొమ్ము తీరు చూస్తారు, తోక నేలకు ఎంత దగ్గరగా ఉందో చూస్తారు. ఇంజన్‌కూ అంతే.

ఆర్‌ఎక్స్ 100 కథ దీనికి సరైన ఉదాహరణ. ఆ బండి 1985 చివర్లో వచ్చింది, 1996లో తయారీ ఆగిపోయింది. 2018లో ఒక తెలుగు సినిమాకు ఏకంగా దాని పేరే పెట్టారు. బెంగళూరు నుంచి రాయలసీమ దాకా కుర్రాళ్లకు ఇప్పటికీ అదంటే పిచ్చి. తయారీ ఆగి మూడు దశాబ్దాలు కావస్తున్నా బాగున్న బండికి కొత్త బండి ధర, అంతకు మించి కూడా పలుకుతుంది. డిమాండు ఉన్నచోట అతుకులూ ఉంటాయి. దాని తర్వాత వచ్చిన ఆర్‌ఎక్స్‌జీ, ఆర్‌ఎక్స్ 135 బళ్ల ఇంజన్ పైకి అన్నలాగే ఉంటుంది. 100 అని స్టిక్కరు వేసిన బండిలో 135 ఇంజన్ కూర్చోబెట్టడం, 100 ఇంజన్ మీదికి 135 సిలిండరు ఎక్కించడం ఈ పాతబళ్ల లోకంలో వాడుకే. నంబరు 100ది, పై సగం 135ది అయినప్పుడు నంబరు చదివితే ఏం తెలుస్తుంది?

వెర్నియర్ కాలిపర్స్ పెట్టి కొలిస్తేనే తెలుస్తుంది. హెడ్డు విప్పి, సిలిండరు బోరు వెడల్పు కొలవాలి. పిస్టన్ అట్టడుగు నుంచి పైకొచ్చే దూరం కొలవాలి, దాన్నే స్ట్రోక్ అంటారు. ఆర్‌ఎక్స్ 100కు రెండూ 50 మిల్లీమీటర్లే. లెక్క హైస్కూలుదే: బోరులో సగాన్ని, అంటే 2.5 సెంటీమీటర్లను, దానితోనే గుణించి, 3.1416తో గుణించి, స్ట్రోక్ 5 సెంటీమీటర్లతో గుణిస్తే 98 సీసీ. కంపెనీ చెప్పిన అంకె అదే. ఇప్పుడు 135ను తీసుకుంటే స్ట్రోక్ అదే 50, బోరు మాత్రం 58. అదే లెక్కకు 132 సీసీ వస్తుంది. అంటే ఈ అన్నదమ్ముల తేడా అంతా వెడల్పులో ఉన్న ఎనిమిది మిల్లీమీటర్లు. స్టిక్కరు ఏం చెప్పినా, పంచ్ ఏం చెప్పినా ఆ ఎనిమిది మిల్లీమీటర్లు అబద్ధం ఆడవు.

కొలిచేవాడు ఒకటి గుర్తుంచుకోవాలి. పాత ఇంజన్‌కు బోరు చేయించి ఉంటారు. సిలిండరు గోడ అరిగినప్పుడు లేత్‌లో పావు మిల్లీమీటరు పెద్దది చేసి ఓవర్‌సైజు పిస్టన్ వేస్తారు. ఇంకోసారి అరిగితే అర, ముప్పావు, ఒకటి. కనుక 50.5 కనిపిస్తే కంగారు పడక్కర్లేదు, రెండుసార్లు బోరుకు పోయిన 100 అది. 51కి చేరితే 102 సీసీ. అంతే తప్ప బోరు చేసుకుంటూ పోయి 58 కాదు. పిస్టన్ నెత్తి మీద కూడా ఓవర్‌సైజు అంకె కొట్టి ఉంటుంది, మసి గీరితే కనబడుతుంది.

మిగతా బళ్లకూ ఇలాంటి జాతకాలున్నాయి. స్ప్లెండర్ 50 బై 49.5, అంటే 97.2 సీసీ. ఆర్‌ఎక్స్ 100కూ దీనికీ బోరు ఒకటే కావడం తమాషా. కానీ ఒకటి టూ స్ట్రోక్, ఒకటి ఫోర్ స్ట్రోక్. హెడ్డులో వాల్వులు, టాపెట్ మూతలు ఉంటే ఫోర్ స్ట్రోక్. నున్నటి రెక్కల హెడ్డు మధ్యలో ప్లగ్గు ఒక్కటే ఉంటే టూ స్ట్రోక్. బుల్లెట్ 350కి బోరు 70, స్ట్రోక్ 90, మొత్తం 346 సీసీ. 500కు స్ట్రోక్ అదే 90, బోరు 84. 2020లో మీటియర్‌తో వచ్చిన జే సిరీస్ 350కి బోరు 72, స్ట్రోక్ 85.8. పాత పోత ఇనుప బుల్లెట్‌ను గుర్తుపట్టడానికి కొలతలు కూడా అక్కర్లేదు. ఇంజన్ వేరు, గేర్‌బాక్సు వేరుగా పక్కపక్కన ఉంటాయి, గేరు కుడికాలికి. రెండూ ఒకే కడుపులో ఉంటే యూసీఈ లేదా ఆ తర్వాతిది.

యెజ్డీని అయితే పసిపిల్లలు కూడా పట్టేస్తారు. మైసూరులో ఐడియల్ జావా ఫ్యాక్టరీ 1961లో మొదలై 1996 దాకా నడిచింది. 250 సీసీకి బోరు 65, స్ట్రోక్ 75. ఒక్క సిలిండరుకు రెండు సైలెన్సర్లు. కిక్ రాడ్, గేర్ రాడ్ రెండూ ఒకటే. లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్, ముందుకు వంచితే గేరు. ఆ ఒక్క రాడ్ ఉంటే నంబరు అరిగిపోయినా ఇంజన్ పేరు తెలిసినట్టే.

ఇంత చేసినా తేలనిది ఒకటుంది. గీరేసిన నంబరు.

గ్రైండరు పెట్టి పాత నంబరును అరగదీసి, కొత్త నంబరు పంచ్ కొట్టిన ఇంజన్‌ను గుర్తుపట్టడానికి కొంచెం అలవాటు కావాలి. నంబరున్న చోటు మిగతా కేసింగ్ కంటే నున్నగా, కొంచెం పల్లంగా ఉంటుంది. పోతలో సహజంగా ఉండే గరుకుతనం ఆ చుట్టూ ఉండి మధ్యలో ఉండదు. చేత్తో కొట్టిన అంకెలు ఒకటి లోతుగా, ఒకటి తేలికగా, వరసలో ఒకటి పైకి ఒకటి కిందికి ఉంటాయి. ఫ్యాక్టరీ మిషనుకు ఆ వణుకు రాదు. అంకెల ఆకారం కూడా చూడాలి. ఫ్యాక్టరీ 4 ఒక తీరు, ఊళ్లో దొరికే పంచ్ సెట్టు 4 ఇంకో తీరు. పక్కన ఆ మోడలు బండి ఇంకొకటి పెట్టుకుని పోల్చితే అనుమానం తీరుతుంది.

అయినా గీరినవాడికి తెలియని సంగతి ఒకటి లోహం దాచుకుంటుంది. పంచ్ దెబ్బ పడినప్పుడు అంకె లోతు వరకే కాదు, దాని కింద కూడా లోహపు రేణువులు నలిగి, ఒత్తుకుపోతాయి. పైన కనబడే అంకెను అరగదీసినా ఆ నలిగిన పొర లోపల మిగిలే ఉంటుంది. ఫోరెన్సిక్ ల్యాబులో ఆ చోటును అద్దంలా నునుపు చేసి రసాయనం పూస్తారు. నలిగిన లోహం, నలగని లోహం ఆ రసాయనానికి ఒకే వేగంతో కరగవు. పాత అంకె నీడలా పైకి తేలుతుంది. ఉక్కు ఛాసిస్‌కు కాపర్ క్లోరైడు, హైడ్రోక్లోరిక్ యాసిడ్ కలిపిన ఫ్రై ద్రావణం వాడతారు. అల్యూమినియం కేసింగ్‌కు వేరే రసాయనాలు. తేలిన అంకె ఎక్కువసేపు నిలవదు. అందుకే కెమెరా పక్కనే పెట్టుకుని కూర్చుంటారు. మరీ లోతుగా గీరితే, లేదా వెల్డింగు పోసి నింపేస్తే ఆ పొర కూడా పోతుంది. ఈ ప్రాంతపు పోలీసులకు ఈ పని చేసిపెట్టే ప్రాంతీయ ఫోరెన్సిక్ ల్యాబు తిరుపతిలో ఉంది.

మామూలు మనిషికి ల్యాబుతో పని లేదు, ఒక ఫోను చాలు. నేషనల్ క్రైమ్ రికార్డ్స్ బ్యూరో నడిపే వాహన్ సమన్వయ్‌లో రిజిస్ట్రేషన్, ఇంజన్, ఛాసిస్ నంబర్లు కొట్టి, అది దొంగతనం కేసులో ఉందో లేదో ఎవరైనా చూసుకోవచ్చు. ఎం-పరివాహన్ యాప్‌లో బండి నంబరు కొడితే మోడలు, తయారైన కాలం, ఏ ఆఫీసు రిజిస్ట్రేషనో వస్తాయి. ఇంజన్ నంబరులో చివరి అంకెలు చుక్కలుగా మూసి ఉంటాయి కానీ మొదటి అక్షరాలు కనబడితే కుటుంబం పోల్చుకోవడానికి అది చాలు. బయట 'హెచ్‌ఏ10' ఉండి, యాప్‌లో ఇంకేదో మొదలైతే అక్కడే ఆగి అడగాలి.

కాగితాల దగ్గర మనవాళ్లు ఎక్కువగా పొరబడేది ఒకచోట. ఇంజన్ మారినా ఛాసిస్ అదే కదా, బండి అదే కదా అనుకుంటారు. సగం నిజం. అమెరికాలో హార్లీ డేవిడ్‌సన్ బళ్లకు 1969 దాకా ఇంజన్ నంబరే బండి నంబరు. ఫ్రేము మీద నంబరు 1970 నుంచి మాత్రమే. అక్కడ ఇంజన్ మారిస్తే బండే మారినట్టు లెక్క. మన దగ్గర బండికి ప్రాణం ఛాసిస్ నంబరే, కానీ సీ బుక్కులో రెండూ రాసి ఉంటాయి, రెండూ సరిపోవాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ నిర్దేశించిన దానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరి 9న సుప్రీంకోర్టు కూడా ఒక కేరళ కేసులో ఆ మాటే గట్టిగా చెప్పింది. ఆ ఏడాది సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ కింద అనుమతి లేని ప్రతి మార్పుకూ 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. 100 బండిలో 135 కూర్చోబెట్టిన సరదా ఈ లెక్కలోకే వస్తుంది. అదే మోడలు, అదే సీసీ ఇంజన్ వేసుకున్నవాళ్లు కూడా బిల్లు దాచుకుని, ఆర్‌టీఓ ఆఫీసుకు తెలిపి, కొత్త నంబరు సీ బుక్కులో ఎక్కించుకోవాలి. బిల్లు లేని ఇంజన్‌కు ఈ దారి మూసుకున్నట్టే. దొంగసొత్తు అని తెలిసి, లేదా అలా అనుకోవడానికి కారణం ఉండి కూడా కొన్నవాళ్ల మీద భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ ఉంది.

పక్క రాష్ట్రం బండి అయితే ఇంకో మెట్టు. కృష్ణగిరి బండిని కుప్పంలో కొన్నవాడు అక్కడి ఆఫీసు నుంచి ఫారం 28లో ఎన్‌వోసీ తెచ్చుకోవాలి. ఇక్కడ 12 నెలలు దాటి ఉంచుకుంటే ఇక్కడి నంబరు వేయించుకోవాలి, ట్యాక్సు కట్టాలి. పేరు మారడానికి 29, 30 ఫారాలు. ఈ పనులన్నింటిలో ఎక్కడో ఒకచోట "ఛాసిస్ ప్రింటు తెచ్చినావా?" అనే మాట వినబడుతుంది. ఫోటోలు, యాప్‌లు ఎన్ని వచ్చినా ఆ పాత పద్ధతి పోలేదు, పోకపోవడమే మేలు. హ్యాండిల్ కింద స్టీరింగ్ తిరిగే గొట్టాన్ని బట్టతో శుభ్రంగా తుడుస్తారు. పల్చటి తెల్లకాగితాన్ని నంబరు మీద బిగించి పట్టి, పెన్సిలును అడ్డంగా పడుకోబెట్టి మెల్లగా రుద్దుతారు. కాగితం నల్లబడుతూ పోయి, పంచ్ దిగిన చోట మాత్రం తెల్లగా మిగిలి, అంకెలు తేలతాయి. ఎవరూ చదవలేదు, ఎవరూ టైపు చేయలేదు, 5ను ఎస్ అని రాయలేదు. లోహం మీద ఎలా ఉందో కాగితం మీదికి అలాగే వచ్చింది. గీరి మళ్లీ కొట్టిన నంబరైతే వెనకాల గ్రైండరు గీతలు కూడా సన్నటి చారలుగా ఆ కాగితం మీద పడతాయి. అనుభవం ఉన్న బ్రేక్ ఇన్‌స్పెక్టరు అంకెలు చదవక ముందే ఆ చారలు చూస్తాడు.

గోనెపట్టా మీది ఇంజన్ దగ్గరికి వచ్చినాయనకూ ఈ పద్ధతి చాలు. అడ్వాన్సు ఇవ్వకముందే పిల్లల నోటుపుస్తకంలోంచి ఒక పేజీ, ఒక పెన్సిలు తెచ్చుకుని, కేసింగ్ మీద దిగబడిన నంబరుకు ఒక ప్రింటు, ఉబ్బెత్తుగా ఉన్న అచ్చు అంకెకు ఇంకో ప్రింటు తీసుకోవచ్చు. హెడ్డు విప్పి ఉంటే బోరు కొలత కూడా ఆ పేజీ మూలన రాసుకోవచ్చు. అమ్మేవాడు పెన్సిలు చూసి మొహం చిట్లిస్తే ధర గురించి మాట్లాడే పని కూడా తప్పుతుంది. చిట్లించకపోతే ఆ పేజీ మడిచి జేబులో పెట్టుకుని, ఎదురుగా టీ అంగట్లో కూర్చుని, ఫోనులో వాహన్ సమన్వయ్ తెరిచి ఒక్కో అంకె కొట్టడం మొదలుపెట్టాలి. మూడో గుర్తు దగ్గర అది ఎల్లా, ఒకటా అని సందేహం వస్తుంది. అప్పుడు జేబులోంచి పేజీ మళ్లీ తీయాలి.